దినకర్ లావక్షరం

దినకర్‌కి తెలుగు చదవడం రాదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే ఖరగ్‌పూర్‌లో మా పేట తెలుగువాళ్ళ పెళ్ళికైనా, చావుకైనా, అమ్మవారి మాతా పూజకైనా, రైల్వే వర్క్‌షాపులో ఎవరి రిటైర్మెంటుకైనా ఫ్లెక్స్ మీద తెలుగు అక్షరాలు వేసేది అతనే. వంట రానివాణ్ణి ఎవరూ వంటకి పిలవరు. అక్షరం రానివాణ్ణి మాత్రం మావాళ్ళు పిలిచి, శాలువా కప్పి, తెలుగు సంఘానికి ప్రచార కార్యదర్శిని చేశారు.

అతని కొట్టు ఝపటాపూర్‌లో మా ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉంది. నేను ఆ సంఘం నడిపే చిన్న బడిలోనే తెలుగు చెప్పి రిటైరయినదాన్ని. నా పేరు సరోజాదేవి. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చుంటే మొదట కనబడేది అతని బోర్డే. కళ్ళ డాక్టరు నా చూపు ఇంకా బాగుందన్నాడు. అదే నా ఖర్మ.

దినకర్ అనంతరామయ్యగారి అబ్బాయి. ఆ పెద్దమనిషి రైల్వే అకౌంట్స్ ఆఫీసులో పనిచేసేవారు. ఏ ఉగాదికి మైకు చేతికిచ్చినా మాతృభాష తల్లిపాలంటూ గంటసేపు దంచి, మర్నాడు కొడుకుని రిక్షాలో ఇంగ్లీషు బడికి పంపేవారు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, ఆటల్లో హిందీ, బడిలో ఇంగ్లీషు. నాలుగూ గడగడా మాట్లాడతాడు దినకర్. ఒక్కటీ తిన్నగా రాయలేడు. రైల్వే పరీక్షలు రాసి రాసి వయసు దాటించుకున్నాడు. మొబైల్ రీఛార్జి కొట్టు పెట్టి మూసేశాడు. పెళ్ళి వీడియోలు తీశాడు కొన్నాళ్ళు. తాళి కట్టే సమయానికి కెమెరా సీలింగ్ ఫ్యాను వైపు తిప్పి ఉంచాడని గోల్ బజార్‌లో పెళ్ళివారు చెయ్యి చేసుకోబోతే అదీ మానేశాడు. ఆ తర్వాత కంప్యూటర్ కొని డిజైనర్ అయిపోయాడు. అయిపోయానని ఎవరూ అడక్కుండానే అందరికీ చెప్పుకున్నాడు.

అతను పనిచేసే పద్ధతి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఫోను నోటి దగ్గర పెట్టుకుని కావలసిన మాట చెబుతాడు. ఫోను దాన్ని తెలుగులో రాస్తుంది. సరిగ్గా రాసిందో లేదో తెలియాలి కదా, మళ్ళీ ఫోను చేతనే పైకి చదివిస్తాడు. రాసేదీ ఫోనే, దిద్దేదీ ఫోనే. మధ్యలో దినకర్ చేసేది ఏమిటంటే ఆ మాటని కంప్యూటర్‌లో పడేసి, అక్షరం తీరు మార్చి, మూల పట్టుకుని లాగడం. అంచుకి తగిలేదాకా లాగుతాడు. ఇంకా చోటు మిగిలితే అందులో తన ఫోటో పెడతాడు. అచ్చు వేయించేది ఇందా పేటలో వేరే వాళ్ళ దగ్గర. అక్కడ మిషన్ దగ్గరుండే వాళ్ళకీ తెలుగు రాదు. అంచేత బోర్డు వీధిలో కట్టేదాకా దాన్ని చదివిన మనిషంటూ ఉండడు.

కంప్యూటర్‌లో తెలుగు అక్షరాల తీరులు బోలెడు ఉంటాయట. దినకర్‌కి ఒకటే కావాలి. దాని అసలు పేరేమిటో అతనికి తెలియదు, ఫుచ్కా అంటాడు. మా ఊళ్ళో పానీపూరీని అలాగే పిలుస్తారు. పేరు మాత్రం బాగానే కుదిరింది. గీత ఎంత లావంటే అక్షరం కడుపులో ఉండాల్సిన ఖాళీ సగం పూడిపోతుంది. ఎక్కడా మొన లేదు, మూల లేదు, అన్నీ ఉబ్బిన బుగ్గలే. తలకట్టు నెత్తికి అంటుకుపోతుంది. ఒత్తు కిందికి దిగి కింది వరుస మీద కూర్చుంటుంది. అందుకని వరుసకీ వరుసకీ మధ్య బోలెడు చోటు వదలాలి. అంత పెద్ద ఫ్లెక్స్ మీద మూడు వరుసలు పడితే గొప్ప.

అక్షరాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఐస్‌క్రీం బండి మీద అది ముద్దుగా ఉంటుంది. బొమ్మల కొట్టు మీద బాగుంటుంది. చంటిపిల్ల మొదటి పుట్టినరోజుకి గోడ మీద కడితే చూడముచ్చటగానే ఉంటుంది. ఆటోలో పోతున్నవాడికి ఒకే ఒక్క మాట కనబడాలంటే దాన్ని మించింది లేదు. అది కేక వేసే అక్షరం. కేక వేయాల్సిన చోట కేక వేయాలి, నెమ్మదిగా చెప్పాల్సిన చోట నెమ్మదిగా చెప్పాలి. ఈ తేడా తెలియడానికి చదువు కూడా అక్కర్లేదు, కాస్త బుద్ధి ఉంటే చాలు. దినకర్ దగ్గర అది ఎప్పుడూ స్టాకులో లేదు.

వర్క్‌షాపులో పనిచేసిన తవిటయ్య పోయినప్పుడు సంతాపం బోర్డు ఇతనే వేశాడు. అశ్రునివాళి అన్న మాట గులాబీ రంగులో, బుగ్గలు పూరించుకుని, పసుపు అంచుతో మెరిసిపోతోంది. దారినపోయే బెంగాలీ పెద్దమనిషి ఒకాయన ఆగి, బాబుగారికి షష్టిపూర్తా అని అడిగాడు. తవిటయ్య భార్య అప్పలనర్సమ్మకి ఏ భాషా చదవడం రాదు. ఆవిడ ఆ బోర్డు వంక చూసి, "ఏటమ్మా ఇది, మిఠాయి కొట్టునాగుంది?" అంది. నేను రోడ్డు దాటి వెళ్ళి దినకర్‌ని అడిగాను, చావుకి ఇంత నవ్వు ముఖం ఏమిటి నాయనా అని.

"సన్న అక్షరం ఎవుడు సూస్తాడాంటీ? మనోడు పోయినాడని ఇందా దాకా తెలాల కదా," అన్నాడు.

పోయినవాడు తవిటయ్య. తెలియాల్సింది మాత్రం దినకర్ అక్షరం.

ఇంతవరకూ అయితే నేను వరండాలో కూర్చుని గొణుక్కుంటూ ఊరుకుందును. ఈ ఏడాది అతని అక్షరం మా బడి మీద పడింది.

మా బడిలో తెలుగు విభాగం ఒకప్పుడు కిటకిటలాడేది. పాత క్వార్టర్లు ఖాళీ అయ్యాక మావాళ్ళు మలంచాకీ ఇందాకీ ఇంకెక్కడికో అద్దె ఇళ్ళకి చెదిరిపోయారు. ఇప్పటి చిన్న వయసు తల్లిదండ్రులు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, తెలుగులోనే దెబ్బలాడుకుంటారు. కానీ వాళ్ళు చదువుకున్నది హిందీలో. తెలుగు అక్షరం చూస్తే గుండ్రంగా ఉంది కాబట్టి మనదే అని పోల్చుకుంటారు, అంతే. వాళ్ళ పిల్లలకైనా నాలుగు అక్షరాలు అబ్బాలంటే మా పేటలో ఆ ఒక్క గదే దిక్కు. ఆ గదిలో ఒక్కతే టీచరు, వాసంతి. నా దగ్గరే ఓనమాలు దిద్దిన పిల్ల. వర్క్‌షాపు ఫిట్టరు కూతురు. ఒకటో తరగతికి పదిమంది చేరకపోతే తెలుగు విభాగం ఎత్తేసి గదిని కంప్యూటర్ ట్యూషన్ వాళ్ళకి ఇస్తామని సంఘం తీర్మానించింది. ఏప్రిల్‌లో ఒక శనివారం ఆఖరి గడువు.

వాసంతి ఝపటాపూర్ సందులన్నీ తిరిగి ఏడుగురిని పోగుచేసింది. మిగతావాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో తెలియదు. కానీ డ్యూటీకి పోయే మగవాళ్ళందరూ మా మలుపు మీదుగానే సైకిళ్ళ మీద, బళ్ళ మీద వెళతారు. అక్కడ ఒక బోర్డు కడితే చాలనుకుంది. పాపం, బోర్డంటే దినకర్ అనే సంగతి మరచిపోయింది.

నన్ను తోడు తీసుకుని కొట్టుకి వెళ్ళింది. చెప్పాల్సిందంతా ఒక కాగితం మీద రాసుకొచ్చింది. పైన తెలుగులో ఒక వరుస, కింద అదే మాట హిందీలో, బెంగాలీలో. ఆ కింద బడి ఎక్కడుందో, ఆఖరి తేదీ ఏదో, తన ఫోన్ నంబరు.

"ఇంత మేటరేటి వాసంతీ? ఇది ఫ్లెక్సా, రైళ్ళ టైంటేబులా?" అన్నాడు దినకర్.

"అన్నీ ఉండాల దాదా. సన్న అక్షరాల్లో ఏస్తే పడతాయి."

"సన్న అక్షరం మన కొట్టులో లేదు. ఫుచ్కా ఒకటే. ఎంత దూరం నుంచి సూసినా నవ్వుతాది."

"నవ్వితే సరిపోద్దేటి? సదవాల కదా. ఈ పిల్లల అమ్మానాన్నల్లో సగం మందికి తెలుగు సదవడం రాదు. నీకు తెల్దా?"

"అతనికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందే?" అన్నాను నేను.

దినకర్ నవ్వేశాడు. సిగ్గుపడాల్సిన చోట నవ్వేయడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. నవ్వి, కుర్చీలో వెనక్కి వాలి, తండ్రి గొంతు తెచ్చిపెట్టుకున్నాడు.

"తెలుగు సెక్షన్ బోర్డు మీద హిందీ ఏటాంటీ? బెంగాలీ వోళ్ళు నవ్వరా? మన పరువేటి కావాల? తెలుగోడి బోర్డు తెలుగులోనే ఉండాల. నాన్నగారుంటే ఇదే అందురు."

చదవలేనివాడు, చదవలేనివాళ్ళ కోసం, చదవలేని అక్షరంలో బోర్డు కట్టి దాన్ని పరువంటాడు. ఇలాంటి పని మా ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళే చేయగలరు. వాసంతి ఇంకా బతిమాలబోయింది. అతను ఫోను నోటి దగ్గర పెట్టుకుని అప్పటికే మొదలుపెట్టేశాడు.

బోర్డు వచ్చింది. మలుపు దగ్గర రెయిలింగుకి, మనిషి నడుము ఎత్తులో కట్టారు. రండి అని ఒక వరుస, తెలుగు అని ఒక వరుస, నేర్చుకుందాం అని ఒక వరుస. మూడు మాటలకే ఫ్లెక్స్ నిండిపోయింది. చుట్టూ బెలూన్లు. ఎడమ పక్క నల్లకళ్ళద్దాలతో చేతులు జోడించిన దినకర్, కుడి పక్క అనంతరామయ్యగారు. బడి పేరు లేదు, తేదీ లేదు, వాసంతి నంబరు లేదు. సన్న అక్షరాలు లేవన్నవాడికి అడుగున తన కొట్టు నంబరు వేసుకోవడానికి మాత్రం దొరికాయి.

అవి మాతా పూజ రోజులు. ఎక్కడ చూసినా దినకర్ బోర్డులే, అన్నీ ఫుచ్కాలోనే. అమ్మవారికి స్వాగతం, కౌన్సిలరుకి అభినందన, ఎవరి మనవడికో పుట్టినరోజు శుభాకాంక్షలు. ఆ వరసలో మా బడి బోర్డు కూడా ఒకటిగా కలిసిపోయింది. మర్నాడు పొద్దున్న ఇద్దరు కుర్రాళ్ళు బండి ఆపి, "హ్యాపీ బర్త్‌డే దాదా!" అని అరిచి పోయారు. సాయంత్రం ఎవరో రసగుల్లాల కుండ తెచ్చి ఇచ్చారు. దినకర్ తీసుకున్నాడు.

"ఇవాళ నీ పుట్టినరోజా?" అన్నాను వరండాలోంచే.

"కాదాంటీ. జనాలు ప్రేమగా ఇస్తన్నారు. కాదంటే బాధపడిపోరూ?"

కొట్టు నంబరుకి ఒకే ఒక్క ఫోను వచ్చింది. ఎవరికో కూతురి పుట్టినరోజుకి అచ్చం అలాంటి బోర్డే కావాలట. దినకర్ నాకు ఎంతో గర్వంగా చెప్పాడు. నేను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఇంకాసేపు అక్కడ ఉంటే కాఫీ గ్లాసు విసిరేసేదాన్ని.

వాసంతికి విషయం అర్థమై, తెల్ల అట్ట మీద స్కెచ్ పెన్నుతో హిందీలో అంతా రాసి బోర్డు కింద అంటించింది. పొందికైన చేతిరాత దానిది. సాయంత్రానికి అట్ట లేదు. దినకర్ పీకేశాడు.

"డిజైన్ సెడిపోతంది వాసంతీ. సంఘం బోర్డు అది, గోడ కాదు," అన్నాడు. రెండోసారి అంటిస్తే మీటింగులో పెట్టాల్సి వస్తుందని కూడా అన్నాడు. వాసంతి బతుకంతా ఆ మీటింగు చేతిలో ఉంది. ఊరుకుంది.

ఊరుకుని ఇంట్లో కూర్చోలేదు. బడి అయ్యాక ఎండలో మలంచా వెళ్ళేది. అక్కడ ఏ ఇంట్లో తెలుగువాళ్ళున్నారో ఎవరు చెబుతారు? వీధి మధ్య నిలబడి, ఏ ఇంట్లోంచి తెలుగు తిట్లు వినబడతాయా అని చెవులు రిక్కించేది. అలా ఒక పిల్లవాడు దొరికాడు. ఎనిమిది అయింది. ఇంకా ఇద్దరు కావాలి. ముఖం నల్లగా కమిలిపోయి వచ్చి మా మెట్ల మీద కూర్చుని, "బోర్డు సూసి ఒక్కరైనా రాకపోతారా టీచర్?" అనేది. వస్తారే అని అబద్ధం చెప్పేదాన్ని.

శనివారం పొద్దుపోయేదాకా వాసంతి గది తలుపు తెరిచి ఉంచింది. ఎవరూ రాలేదు. ఆ రాత్రే సంఘం కూర్చుంది. పాత టీచర్నని నన్నూ పిలిచారు. దినకర్ లేచి నిలబడి మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడాడు. మన భాషని మనమే కాపాడుకోవాలన్నాడు. తన వంతు తాను చేశానన్నాడు. "అంత పెద్ద బోర్డు కట్టినాం. జనాల్లో సైతన్యం లేదు. ఏటి సేస్తాం?" అన్నాడు. తెలుగు విభాగం ఎత్తివేతకి మొదట చెయ్యెత్తింది కూడా అతనే. నేను నాలుగు మాటలు అన్నాను. వాటిని ఇక్కడ రాస్తే నా వయసుకి బాగుండదు. ఎవరూ ఏమీ అనుకోలేదు. సరోజా టీచర్‌కి నోరెక్కువని అందరికీ తెలుసు కాబట్టి, నేనేమన్నా ఎవరికీ పట్టదు.

సోమవారం పొద్దున్న వాసంతి గదిలోని తన సామాను తెచ్చుకోవాలంటే తోడు బయల్దేరాను. పలకలు, అక్షరాల పటం, పిల్లలు వేసిన బొమ్మలు, అంతకు మించి ఏమీ లేవు. మలుపు దగ్గర తవిటయ్య కొడుకు కిరణ్‌కుమార్, తండ్రి పోయాక ఇందా వైపు అద్దె ఇంటికి మారిపోయినవాడు, సైకిల్ ఆపి చెయిన్ సరిచేసుకుంటున్నాడు. అతనిదీ వర్క్‌షాపు ఉద్యోగమే. పక్కన అతని కూతురు మీనా, ఆరేళ్ళు ఉంటాయి, మడత నలగని కొత్త యూనిఫాంలో ఉంది. ఆ పిల్ల బోర్డు ముందు నిలబడి కన్నార్పకుండా చూస్తోంది.

"నాన్నా, ఇందులో ఏటి రాసినారు?"

"దినకర్ దాదా పుట్టినరోజమ్మా," అన్నాడు కిరణ్‌కుమార్ తల ఎత్తకుండానే.

వాసంతి ఆగిపోయింది. నేను చెయ్యి పట్టుకున్నా వదిలించుకుని పిల్ల దగ్గరికి వెళ్ళింది. "పుట్టినరోజు కాదమ్మా," అని, ఆ పిల్ల వేలు పట్టుకుని మొదటి అక్షరం మీద పెట్టింది. అరచెయ్యంత లావు గీత అది. చిన్న వేలు దాని మీద సులువుగా తిరిగింది. ఆ అక్షరం ఎందుకు పనికొస్తుందో అప్పుడు కనబడింది నాకు. ఓనమాలు దిద్దే పిల్లకి అంతకన్నా మంచి అక్షరం దొరకదు.

"రండి," అని చదివింది వాసంతి. "తెలుగు. నేర్చుకుందాం."

కిరణ్‌కుమార్ లేచి నిలబడ్డాడు. చేతులకి గ్రీజు.

"ఎక్కడ టీచర్?"

"మన బడిలోనే. ఒకటో తరగతిలో."

"తెలుగు సెక్షన్ ఇంకా ఉన్నాదా? ఎప్పుడో ఎత్తీసినారని ఎవులో అంటే, దీన్నీ మా అన్న కొడుకునీ ఇద్దర్నీ మలంచా హిందీ బడిలో ఏసీసినాం. ఇయ్యాలే మొదలు. మా యమ్మ ఒకటే గోల, మనవలకి మన సదువు లేదని." మాట్లాడుతూనే బోర్డు వంక చూశాడు. "ఇన్నాళ్ళూ దీని పక్కనుంచే డ్యూటీకి ఎల్లినాను. ఇప్పుడు సేర్చుకుంటారా?"

"శనివారంతో అయిపోనాది," అంది వాసంతి.

అతను గ్రీజు చేతిని గుడ్డకి తుడుచుకుని, నా వైపు తిరిగాడు.

"ఇది మాలాంటోల్ల కోసమే కట్టినారా టీచరమ్మా?"

ఎన్నేళ్ళు పిల్లల ప్రశ్నలకి జవాబులు చెప్పినదాన్నో నేను. జవాబు కోసం బోర్డు వంక చూశాను. బోర్డు మీద దినకర్ మాత్రం నల్లకళ్ళద్దాల్లోంచి మా నలుగురికీ నమస్కారం పెడుతూనే ఉన్నాడు.

బడికి వేళ మించిపోతోందని కిరణ్‌కుమార్ పిల్లని ఎత్తి సైకిల్ ముందు బారు మీద కూర్చోబెట్టుకున్నాడు. మీనా తండ్రి చెయ్యి కిందనుంచి మెడ తిప్పి బోర్డునే చూస్తోంది. మొదటి మాట ఆ పిల్లకి వచ్చేసింది. మలంచా రోడ్డు మీద సైకిల్ కనబడకుండా పోయేదాకా దాన్నే గట్టిగా చదువుకుంటూ వెళ్ళింది. రండి, రండి అని.